మేడమీది వెలుగు, వీధిలోని తీగ



మన పట్టణములలోను, పెద్ద గ్రామములలోను గడచిన కొలది యేండ్లుగా మేడలమీద నల్లని సౌరఫలకములు వరుసలు తీరి కనిపించుచున్నవి. దూరమునుండి చూచువారికి అవి యన్నియు ఒక్కటే. కాని వానిలో కొన్ని వీధిలోని విద్యుత్తు తీగతో కలిసి, పగలెల్ల పనిచేయుచు, ఇంటికి కావలసినంత యిచ్చి, మిగిలినదానిని ఊరికి పంపుచున్నవి. మరికొన్ని మాత్రము ఇనుప చట్రములు బిగించుట ముగిసి, ఫలకముల విద్యుత్తును ఇంటికి పనికివచ్చునట్లు మార్చు ఇన్వర్టరు గోడకు అమరి, చెల్లింపవలసిన సొమ్మంతయు చెల్లింపబడియు, విద్యుత్ పంపిణీ సంస్థవారి అనుమతి రాని కారణమున ఊరక యున్నవి. ఇంటి కప్పుమీద పుట్టిన విద్యుత్తు ఊరి విద్యుత్తుతో కలియుటకు పొందవలసిన ఆ అనుమతిని గూర్చి ఈనాడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

ఈ అనుమతిని వట్టి కాగితముల తంతుగా భావించి, నా మేడ, నా ఎండ, నా సొమ్ము, నడుమ వీరెవరని విసుగుకొనువారు పలువురు కలరు. విద్యుత్ కార్యాలయములందు కొందరు ఉద్యోగులు, దీనికి విరుద్ధముగా, ప్రతి దరఖాస్తును తమ తీగలపై జరుగబోవు దురాక్రమణముగా చూచెదరు. నాకు తోచినంతవరకు ఈ అనుమతిలో మనుష్యుల ప్రాణములకు సంబంధించిన భాగమొకటి యున్నది. కేవలము జాప్యమునకు సంబంధించిన భాగమొకటి యున్నది. అవి రెండును ఒకే ఫైలులో కలగాపులగమై పోయినవి. మొదటిదానిని మనసార గౌరవించి, రెండవదానిని చట్టము చూపి నిర్భయముగా ప్రశ్నింపగల గృహస్థుడు నేడు మనకు కావలసియున్నాడు. అట్లు చేయుటకు ఆ రెంటిని వేరుచేసి చూడగల జ్ఞానము అవసరము.

మొదట ప్రాణముల మాట. మన విద్యుత్ వ్యవస్థను నిర్మించిన నాడు, విద్యుత్తు ఒకే దిక్కునకు నడచునను విశ్వాసముతో నిర్మించిరి. శ్రీశైలమున కృష్ణా జలముల వేగమునుండియో, ఇబ్రహీంపట్నమునందలి డాక్టరు నార్ల తాతారావు తాప విద్యుత్ కేంద్రమున బొగ్గుమంటనుండియో పుట్టిన విద్యుత్తు, ఎత్తైన ఇనుప గోపురములమీది తీగలవెంట బహుదూరము ప్రయాణించి, సబ్‌స్టేషనులయందు మెట్టు మెట్టుగా వోల్టేజి తగ్గించుకొని, 11,000 వోల్టుల తీగగా ఊరిలో ప్రవేశించి, వీధి మొగలోని ట్రాన్స్‌ఫార్మరువద్ద మరల తగ్గి, తుదకు 230 వోల్టులుగా మన మీటరులోనికి వచ్చును. ఎక్కడనైన తీగ తెగినప్పుడు లైన్‌మన్ సబ్‌స్టేషనుకు ఫోనుచేసి ఎల్.సి. తీసికొనును. లైన్ క్లియర్ అని దాని పూర్తి పేరు. సరఫరా ఆపితిమను ఆ మాట అందిన పిమ్మట, తీగను విడదీయు ఏ.బి. స్విచ్ తెరచి, తీగలకు ఎర్తు తగిలించి, అతడు స్తంభమెక్కును. గాలివానలో, అర్ధరాత్రమున, మనమందరము కిటికీలు మూసికొని కరెంటెప్పుడు వచ్చునా యని ఎదురుచూచుచున్న వేళ, అతడు చేయు పని యిది. ఈ పద్ధతి యంతయు విద్యుత్తు పైనుండియే వచ్చునను నమ్మకముమీద నిలిచియున్నది. ఇప్పుడది క్రిందినుండి కూడ వచ్చుట ఆరంభమైనది.

ట్రాన్స్‌ఫార్మరు స్వభావమును ఇచట కొంచెము వివరింపవలసి యున్నది. అది 11,000 వోల్టులను తగ్గించి మన కిచ్చు యంత్రమని మాత్రమే మనమెరుగుదుము. కాని క్రిందివైపునుండి తక్కువ వోల్టేజి దానికి తగిలినచో, అదే యంత్రము దానిని హెచ్చించి, 11,000 వోల్టులుగా పైతీగలోనికి పంపగలదు. కనుక సరఫరా నిలిచినదని నమ్మి తీగపై చేయివేసిన మనిషికి, ఆ వీధిలోని ఒక మేడమీది ఎండయే మృత్యువు కావచ్చును. సౌరఫలకములు రాకముందు సైతము, వీధి తీగను వేరుచేయు చేంజోవర్ స్విచ్ లేకుండ ఇంటి జనరేటరును నేరుగా తీగకు తగిలించిన చోట్ల ఈ ప్రమాదము ఉండనే యున్నది. అయితే జనరేటరు అరుదుగా తిరుగును, దాని చప్పుడు వీధి యంతయు వినబడును. సౌరఫలకము నిశ్శబ్దముగా, ప్రతి పగలును, ఎవరి ఆజ్ఞయు లేకుండ విద్యుత్తును పుట్టించుచుండును. ఈ భేదమును గ్రహించినవాడు, అనుమతికి ముందు ఇంజినీరు వచ్చి పరీక్షింపవలెనను నియమమును ఎన్నటికిని తేలికగా మాటాడజాలడు.

ఈ కారణముననే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు 2013లో ప్రకటించి 2019లో సవరించిన సాంకేతిక ప్రమాణములయందు, వీధి తీగలో సరఫరా పోయిన వెంటనే ఇన్వర్టరు తనంతట తాను విడిపోవలెనని శాసించిరి. వోల్టేజి నిర్ణీత ప్రమాణములో 80 శాతమునకు తగ్గినను, 110 శాతమును మించినను, 2 సెకనులలోగా యంత్రము విడిపోవలెను. మన దేశమున విద్యుత్ ప్రవాహము సెకనునకు 50 ఆవృత్తులు చేయును గదా. ఆ సంఖ్య 47.5కు తగ్గినను, 50.5కు హెచ్చినను, సెకనులో అయిదవ వంతు కాలములోనే యది విడిపోవలెను. సరఫరా మరల వచ్చిన తరువాత కూడ, తీగ స్థిరపడినదని 60 సెకనులపాటు రూఢి చేసికొనిన పిమ్మటనే తిరిగి కలియవలెను. ఈ సంఖ్యలన్నియు చూచుటకు చిన్నవి. కాని మన వీధిలో స్తంభమెక్కు మనుష్యునికి, అతని భార్యాబిడ్డలకు, ఇంతకన్న విలువగల సంఖ్యలు వేరే యున్నవని నేననుకొనను.

ఇచ్చటనే గృహస్థులలో అనేకులకు ఆశాభంగము కలుగుచున్నది. మూడు లక్షలకు చేరువగా వ్యయము చేసి, ఇకమీదట మా ఇంట కరెంటు పోవుట యుండదని బంధువులతో చెప్పుకొనినవారు, మొదటి కోత నాడే మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫ్యాను ఆగిపోగా, అమ్మిన వ్యాపారి మోసము చేసెనని తలచుచున్నారు. మోసము లేదు, వీధి సరఫరా పోగానే తానును ఆగి, యంత్రము తన ధర్మమును తాను నెరవేర్చుచున్నది. కోతల సమయమున కూడ వెలుగు కావలెనన్నచో బ్యాటరీ అమర్చుకొని, ఇంటి తీగలను వీధి తీగనుండి పూర్తిగా వేరుచేయగల ఏర్పాటు గల ఇన్వర్టరును ఎన్నుకొనవలెను. దానికి వ్యయము హెచ్చు. కొనుటకు ముందే ఈ సంగతి చెప్పని వ్యాపారిని మాత్రము నేను క్షమింపజాలను.

ఇంజినీరు చూడవలసిన రెండవ విషయము వోల్టేజికి సంబంధించినది. కాలువ శివారు ఆయకట్టు రైతునకు నీరు చాలనట్లే, ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగా తీగ చివర నున్న ఇండ్లకు వోల్టేజి చాలక, సాయంకాలమున ట్యూబులైటు వెలుగక, మోటారు తిరుగక యుండుట మనకు చిరపరిచితము. సౌరవిద్యుత్తు ఈ స్థితిని ఒక్కొక్కప్పుడు తలక్రిందులు చేయును. మధ్యాహ్నము రెండు గంటలవేళ, వాడకము తక్కువగానుండి, శివారున నాలుగు మేడలనుండి విద్యుత్తు ఒక్కసారిగా తీగలోనికి వచ్చినచో, ఆ చివరనే వోల్టేజి పెరిగిపోవును. అది హద్దు మీరినప్పుడు ఇన్వర్టరులు తమంతట తాము ఆగిపోవును. గృహస్థునకు రావలసిన ఫలము నష్టమగును. ఫలకములు లేని ఇరుగుపొరుగువారి ఉపకరణములకును హాని కలుగవచ్చును. తీగ మందమెంత, ట్రాన్స్‌ఫార్మరు శక్తి యెంత, దానిపై ఇదివరకే ఎందరు సౌరవిద్యుత్తు కలిపియున్నారు అని ఇంజినీరు విచారించుట ఇందుకొరకే. ఈ విచారణకు సాంకేతిక సాధ్యతా పరిశీలన యని పేరు.

అయితే ఈ పరిశీలన పేరనే చాలకాలము దరఖాస్తులు మూలుగుచు వచ్చినవి. అందుచేత కేంద్ర ప్రభుత్వము 2020 డిసెంబరు 31వ తేదీన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములను ప్రకటించినది. వానిని 2024 ఫిబ్రవరిలో గృహస్థులకు మిక్కిలి అనుకూలముగా సవరించినది. ఈ సవరణము ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది గనుక కొంచెము నిదానముగా చెప్పెదను. 10 కిలోవాట్లవరకు గల సౌరవ్యవస్థకు అన్ని వివరములతో దరఖాస్తు పెట్టినచో, సాధ్యతా పరిశీలన అవసరము లేకయే అది అంగీకరింపబడినట్లు భావింపవలెను. ఇంటికి మంజూరైన లోడు చాలనిచో, దానిని తగినంత పెంచు బాధ్యతయు పంపిణీ సంస్థదే. 10 కిలోవాట్లు మించినవానికి పరిశీలన యుండును. కాని దానికి పూర్వముండిన 20 దినముల గడువును 15 దినములకు తగ్గించిరి. ఆ లోపల ఉత్తరము రానిచో సాధ్యమైనదిగనే యెంచవలెను. 5 కిలోవాట్లవరకు గల వ్యవస్థలకొరకు తీగలనో ట్రాన్స్‌ఫార్మరునో బలపరుపవలసి వచ్చినచో ఆ ఖర్చును సంస్థయే భరింపవలెను. అమర్చుట పూర్తియైనదని గృహస్థుడు ధ్రువపత్రమిచ్చిన పిమ్మట, ఒడంబడిక, మీటరు, ప్రారంభము అన్నియు 15 దినములలో ముగియవలెను. ఇదివరలో దీనికి 30 దినముల గడువుండెడిది. న్యాయమైన కారణము లేక ఆలస్యము చేసినచో నష్టపరిహారము చెల్లింపవలెననియు ఆ నియమములు చెప్పుచున్నవి.

సాధారణ కుటుంబమునకు 2 గాని 3 గాని కిలోవాట్లు చాలును. కిలోవాటునకు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని చోటు కావలెను. మన ఎండలలో ఒక్కొక్క కిలోవాటు సగటున దినమునకు 4 యూనిట్ల వరకు ఇచ్చును. అనగా మన మధ్యతరగతి ఇండ్లలో అత్యధికభాగము, పరిశీలన లేకయే అంగీకారము పొందదగిన ఆ 10 కిలోవాట్ల హద్దుకు ఎంతయో లోపల నున్నవి. ఇట్టి ఇంటి దరఖాస్తును నెలల తరబడి సాధ్యత పేరున నిలుపుట చట్టసమ్మతము కాదు.

2024 ఫిబ్రవరిలోనే ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ఒక కోటి గృహములకు సౌరవిద్యుత్తును చేర్పదలచి, 75,021 కోట్ల రూపాయలు కేటాయించినది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటునకు 30,000 రూపాయల చొప్పునను, మూడవదానికి 18,000 రూపాయలును, వెరసి గరిష్ఠముగా 78,000 రూపాయల సబ్సిడీ లభించును. ఈ సొమ్ము ఫలకములు బిగించినంత మాత్రమున రాదు. విద్యుత్తును రెండువైపుల లెక్కించు నెట్ మీటరు అమర్చి, పంపిణీ సంస్థవారు తనిఖీచేసి, ప్రారంభమైనదని ఆ పథకపు జాతీయ పోర్టలులో ధ్రువీకరించిన తరువాతనే అది గృహస్థుని బ్యాంకు ఖాతాకు చేరును. కాబట్టి అనుమతి ఆలస్యమైన ప్రతి దినమును, అప్పు తెచ్చి అమర్చుకొనినవానికి వడ్డీ పెరుగు దినము. కార్యాలయమున ఫైలును రేపటికి పెట్టుదమని తలచువారు, ఆ రేపటి ఖరీదును ఎవరు చెల్లించుచున్నారో యొక్కసారి ఆలోచింపవలెనని నా ప్రార్థన.

ఇక గృహస్థులవైపు లోపములు. దరఖాస్తులు తిరిగివచ్చుటకు నేను చూచిన కారణములలో ముఖ్యమైనది పేరు. బిల్లుమీద నొక పేరు, ఆధారు కార్డుమీద నొక పేరు, బ్యాంకు ఖాతాలో మరియొక పేరు. తండ్రి పోయి ఇరువదియేండ్లు గడచినను విద్యుత్ సర్వీసు ఆయన పేరనే సాగుట మన ఇండ్లలో సర్వసాధారణము. నెలనెలకు బిల్లుపై ఆయన పేరు కనిపించుచుండుటయే తృప్తిగా నెంచి, మార్పించుటకు మనసొప్పని కుమారులను నేనెరుగుదును. ఆ భావమును నేను తప్పుపట్టను. కాని సౌరవ్యవస్థకు దరఖాస్తు చేయుటకు ముందే సర్వీసును తమ పేరునకు మార్చుకొనుట, పాత బాకీలుండిన తీర్చుకొనుట, సర్వీసు నంబరును సరిగా వ్రాయుట అవసరము. వ్యాపారి అంతయు నేనే చూచుకొందునని చెప్పినను, దరఖాస్తు ప్రతిని, దాని నంబరును, సమర్పించిన తేదీని తమవద్ద నుంచుకొనవలెను. చట్టములో చెప్పిన దినములను లెక్కింపవలెనన్నచో, ఏ దినమునుండి లెక్కింపవలెనో తెలియవలెను గదా.

అమరికలో కొన్ని సంగతులను ఇంజినీరు కన్న ముందు గృహస్థుడే చూడవలెను. ఎండ యున్నంతసేపు ఫలకముల తీగలలో విద్యుత్తు ఉండనే యుండును. వీధి సరఫరా ఆపినను, ఇన్వర్టరు ఆపినను, కప్పుమీదనుండి దిగు తీగ నిర్జీవము కాదు. కనుక ఆ తీగలకు తగిన గొట్టములు, బిగువైన కలుపుళ్లు, పిడుగునుండి కాపాడు సాధనము, ఎర్తింగు గుంతలు శ్రద్ధగా అమర్పింపవలెను. ఎర్తు గుంతను అర అడుగు త్రవ్వి పైన మూత పెట్టి సరిపుచ్చు వారు కొందరు కలరు. తనిఖీలో ఇది పట్టుబడి అనుమతి ఆగినప్పుడు, ఆపిన ఇంజినీరును నిందింపకుడు. అతడు మీ ఇంటివారి మేలు కోరినవాడు.

ఆ ఇంజినీరు స్థితిని గూర్చియు ఒక మాట చెప్పుట న్యాయము. సెక్షను కార్యాలయమున అసిస్టెంటు ఇంజినీరు ఒక్కడే తెగిన తీగలు, కాలిన ట్రాన్స్‌ఫార్మరులు, వ్యవసాయపు సర్వీసులు, బిల్లుల వసూలు, వీనినెల్ల చూచుకొనుచు, నడుమ సౌర దరఖాస్తులను చూడవలసి యున్నాడు. రెండువైపుల లెక్కించు మీటరులు సకాలమున పరీక్షాశాలనుండి రాకున్నచో అతడు చేయగలిగినది లేదు. ప్రభుత్వములు కోటి గృహములని ప్రకటించునప్పుడు, ఆ కోటి మీటరులను పరీక్షించు చేతులెన్నియో కూడ లెక్కించి నియమింపవలెను. ఈ లోపమును సరిదిద్దక, క్రిందియుద్యోగిని మాత్రము దండించుట వలన మేడలమీది ఫలకములు వీధి తీగలతో కలియవు.

అయినను గడువు దాటినప్పుడు గృహస్థుడు మౌనముగా నుండరాదు. మొదట సెక్షను కార్యాలయమున వ్రాతపూర్వకముగా తెలిపి, రసీదు పొందవలెను. అచ్చట ఫలము లేనిచో, 2003 విద్యుత్ చట్టము ననుసరించి ప్రతి పంపిణీ సంస్థలోను నెలకొల్పబడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక యున్నది. విశాఖపట్టణము, విజయవాడ, తిరుపతి, హైదరాబాదు, వరంగల్లు కేంద్రములుగా గల మన సంస్థలకును ఈ నియమము వర్తించును. వేదిక తీర్పుతో తృప్తి చెందనివారు విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. వకీలు అవసరము లేదు. తేదీలతో కూడిన సరళమైన అర్జీ చాలును.

అనుమతి వచ్చి, మీటరు మారిన పిమ్మట వచ్చు మొదటి బిల్లు కొందరిని కలవరపెట్టును. ఇంటిలోనికి వచ్చిన యూనిట్లనుండి బయటికి పోయిన యూనిట్లను తీసివేసి, మిగిలినదానికి మాత్రమే ఖరీదు కట్టుదురు. ఎక్కువ పంపినచో అది తరువాతి నెలల ఖాతాకు జమయగును. నిర్ణీత కాలాంతమున మిగిలినదానికి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర ఇత్తురు. కాని స్థిర రుసుములు ఉండనే యుండును. తీగ, ట్రాన్స్‌ఫార్మరు, రాత్రివేళ మనకు విద్యుత్తునిచ్చు కేంద్రములు, వీని నిర్వహణకు అందరును తమ పాలు ఇయ్యవలసినదే గనుక, బిల్లు సున్న కాలేదని విచారించుట తగదు.

అపార్టుమెంటులలో నివసించువారికి, అద్దె ఇండ్లవారికి ఈ మార్గము ఇంకను సుగమము కాలేదు. ఉమ్మడి కప్పుమీద ఎవరి భాగమెంత యని తేలక, సంఘము తీర్మానము కుదరక, అనేక విశాలమైన మేడలు ఖాళీగానే యున్నవి. ఉమ్మడి దీపములకు, లిఫ్టుకు, నీటి మోటారుకు గల సర్వీసు పేరున సంఘమే దరఖాస్తు చేయుట నేటికి అందుబాటులో నున్న మంచి ఆరంభము.

చివరిగా, అనుమతి లభించిన గృహస్థులకు ఒక విన్నపము. మంజూరైన కిలోవాట్లకు మించి, సంస్థకు తెలుపక, మరి రెండు ఫలకములు చేర్పకుడు. ఇంజినీరు లెక్కించిన తీగ ఆ బరువును లెక్కించి యుండలేదు. ఇన్వర్టరులోని రక్షణ అమరికలను మార్చి, వోల్టేజి హద్దులు పెంచెదనని చెప్పు పనివానిని దగ్గరకు రానీయకుడు. సౌరవ్యవస్థను విడదీయు స్విచ్ మీటరుప్రక్కన, సులభముగా చేరదగిన చోట నుండవలెను. అచ్చట తెలుగులో స్పష్టముగా నొక హెచ్చరిక పలక వ్రాయించి పెట్టుడు. మీ వీధి లైన్‌మన్‌ను ఒకసారి ఇంటికి పిలిచి, ఆ స్విచ్ ఎక్కడ నున్నదో చూపించుడు.